అనుభవదారు గడి

పిచ్చేశ్వరరావు ఆకుమడిలో ఊద కలుపు ఏరుతున్నాడు. ఇంత లేతగా ఉన్నప్పుడు ఊదా వరీ ఒక్కలాగే ఉంటాయి. చూస్తే తెలియదు. మొక్క నడుము దగ్గర వేలు పెడితే వరికి చిన్న చెవిలాంటిది తగులుతుంది, ఊదకు తగలదు. తగలనిదాన్ని వేరుతో సహా పీకి, బురద దులిపి గట్టు మీదకు విసురుతున్నాడు. ఆకుకు ఇరవై రెండు రోజులు. ఇంకో వారంలో ఊడ్పులు పడాలి. చెక్కలో మిగతా నేలంతా దమ్ముచేసి, నీళ్లు తేర్చి ఉంచాడు.

తలారి సైకిలు కాలవ గట్టున ఆనించి, చంకలో సంచీతో వచ్చి నిలబడ్డాడు.

"సంతకం పెట్టాలండి."

"దేనికి?"

"చదివి చూసుకోండి. నాకెట్టా తెలుస్తుంది?" అన్నాడు గానీ వాడికి తెలుసని మొహం చెబుతూనే ఉంది.

పిచ్చేశ్వరరావు బోదెలో చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. మండలాఫీసు నోటీసు. సర్వే నంబరు తొంభై ఆరు బై రెండు, ఎకరం పది సెంట్లు, పట్టాదారు కాంతారావు. సదరు భూమిని పిచ్చేశ్వరరావు అనే వ్యక్తి హక్కు లేకుండా సాగు చేస్తున్నట్టు అర్జీ అందినది. సోమవారం పదిన్నరకు విచారణ. అంతవరకు సదరు భూమిలో ఊడ్పులు చేయరాదు.

ఆ నంబరు ఆయనకు పరాయివాడి పేరులా ఉంది. ఇంట్లో దాన్ని కాలవ చెక్క అంటారు. ఊళ్లో ఎవర్నడిగినా పిచ్చేశ్వరరావు కాలవ చెక్క అంటారు. రెండోసారి చదివాడు. సంతకం పెట్టి, మిగిలిన మూలలో ఊద కూడా ఏరి, అప్పుడు గట్టెక్కాడు.

కాంతారావు చేపల చెరువు దగ్గర ఉన్నాడు. పడవలో ఉన్న మనిషి చేత మేత తవుడు సంచులకు చిల్లులు పొడిపించి, నీళ్లలో పాతిన వెదురు కర్రలకు కట్టిస్తున్నాడు. ఇరవై ఎకరాల చెరువు. నాలుగేళ్ల కిందటి దాకా అదంతా వరి.

"రా బావా, రా. కాఫీ తాగుతావా?"

"ఏంటి కాంతారావూ ఇది?" నోటీసు చూపించాడు.

"ఏముంది? నా పట్టా నేను అడిగా."

"మీ నాన్నా మా నాన్నా మార్చుకున్నారు గదా. యాభై ఎనిమిదిలో. కాలవ చెక్క మాకు, మురుగు కోడు పక్క ఎకరం ముప్పై మీకు. మీ చేలన్నిటితో ఒకే బందంగా కలిసి వస్తుందని మీ నాన్నే మా ఇంటికొచ్చి అడిగాడు."

"కాదన్నానా? కాగితం ఉందా మరి?"

"మీ నాన్న మాటకు కాగితం ఎవరడుగుతారు?"

"అదే నేనూ అనేది. ఇప్పుడాయన లేడు. పాసు పుస్తకంలో నా పేరుంది."

"అయితే నా కోడు చెక్క నాకియ్యి. దాని పాసు పుస్తకం నా దగ్గరుంది."

కాంతారావు చెరువు వైపు చెయ్యి చాపాడు. "అదిగో. మూడో కర్ర దగ్గర్నుంచి ఆరో కర్ర దాకా నీదే. ఎవరు వద్దన్నారు? దిగి తీసుకో బావా. ఈతొచ్చుగా నీకు?"

పడవలో మనిషి పకపకా నవ్వాడు. కాంతారావు కూడా నవ్వాడు. కోపంతో నవ్విన నవ్వు కాదు. మంచి మాట దొరికినందుకు నవ్విన నవ్వు.

"కాలవ చెక్క పక్క రోడ్డు వెడల్పు చేస్తున్నారంటగా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

"చేస్తారు. పెట్రోలు బంకు పెట్టేవాళ్లు కూడా వచ్చి చూసెళ్లారు. నీ దగ్గర దాచేదేముంది?" కాంతారావు చేతులకంటిన తవుడు దులుపుకున్నాడు. "ఆకు కావాలంటే పీక్కో. అంత దయలేని మనిషిని కాను."

మర్నాడు పంచాయతీ ఆఫీసులో గ్రామ పరిపాలనాధికారి బల్ల మీద ఏటేటా సాగు లెక్క రాసే అడంగళ్లు రెండు పరిచి చూపించాడు. కుర్రవాడు, మంచివాడు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది.

"చూడండి మావయ్యా. ఇది పట్టాదారు గడి. దీని పక్కనిది అనుభవదారు గడి. అంటే భూమి ఎవరిదైనా, చేను ఎవరు చేస్తున్నారో ఇక్కడ రాయాలి. తొంభై ఆరులో పట్టాదారు కాంతారావుగారు. అనుభవదారు స్వయం. అంటే ఆయనే చేసుకుంటున్నాడని."

"నువ్వు రోజూ బండి మీద ఆ దారినే పోతావు. చేస్తుంది నేను కాదూ?"

కుర్రవాడి మొహం ఎర్రబడింది. "నేను పాతది చూసి రాశానండి. నాకు ముందాయన తనకి ముందుది చూసి రాశాడు. అలాగే వస్తుంది. ఎనభై నాలుగులో కరణాలు పోయాక ఇక్కడున్నవన్నీ అంతే."

"ఇప్పుడు మార్చరాదా?"

"కేసు పడ్డాక ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్ది. శిస్తు రశీదులున్నాయా?"

"ఉన్నాయి. పట్టా ఎవరి పేరుంటే వాళ్ల పేరే రాసేవాళ్లు. కాంతారావు వాళ్ల నాన్న పేరు మీద మేము కట్టేవాళ్లం, మా పేరు మీద వాళ్లు కట్టేవాళ్లు."

కుర్రవాడు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి ఆలోచించాడు. "నోటిమాట మార్పిడి చెల్లదు మావయ్యా. చట్టంలో లేదు. కానీ పన్నెండేళ్ల పైచిలుకు మీ అనుభవంలో ఉన్నట్టు పాత అడంగల్లో ఒక్కచోట కనపడితే, మేము రాసినవి తప్పని వాదించొచ్చు. పాత కరణంగారు చాదస్తంగా అన్నీ రాసేవాడని అంటారు. ఆయన రికార్డంతా బందరు కలెక్టరాఫీసులో ఉంటుంది. ఫసలీ చెప్పి అడగండి. ఇంగ్లీషు సంవత్సరంలోంచి ఐదొందల తొంభై తీసేస్తే ఫసలీ."

"తెలుసు," అన్నాడు పిచ్చేశ్వరరావు.

గురువారం పొద్దున పామర్రు సెంటర్లో బందరు బస్సు కోసం నిలబడితే దయానందం కనపడ్డాడు. భార్యకు నెల రోజులుగా జ్వరం తగ్గక, బందరు పెద్దాసుపత్రిలో రక్తం పరీక్షకిచ్చాడు, ఆ కాగితం కోసం వెళ్తున్నాడు. ఇద్దరూ ఒకే బస్సెక్కారు. కాలవ చెక్కకు ట్రాక్టర్లు రాకముందు పదిహేడేళ్లు దయానందం ఎడ్లే నాగలి లాగాయి. ఇప్పుడు ఎడ్లు లేవు. గట్లు చెక్కడం, పైరుకు మందు కొట్టడం, ఏ పని చెబితే అది.

"ఊరంతా అనుకుంటున్నారండి," అన్నాడు దయానందం కిటికీలోంచి చూస్తూ. "సోమవారం నేనూ వస్తాను. దున్నినోణ్ణి నేను గదా. నా కంటే ఎవరికి తెలుసు?"

"కాంతారావుతో నీకు మాటొస్తుంది."

"చెరువు తవ్విన్నాడే వచ్చిందండి మాట. కొత్తగా వచ్చేదేముంది?"

రికార్డు రూములో వెలుతురు తక్కువ. కప్పు దాకా ఇనప రాకులు, రాకుల నిండా ఎర్రగుడ్డ మూటలు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఈశ్వరప్రసాద్ అనే గుమస్తా కూర్చుని ఉన్నాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. దరఖాస్తు చదివి, కోర్టు ఫీజు స్టాంపు మీద గుండ్రంగా ముద్ర వేశాడు.

"గుడివాడ తాలూకా మూటలు లోపలి వరసలో ఉంటాయండి. ఫసలీ ఎంత కావాలి?"

"పదమూడొందల అరవై ఎనిమిది నుంచి ఏదున్నా సరే."

"ఏదున్నా సరే అంటున్నారంటే మీకు చాలా అవసరమన్నమాట." తువ్వాలు లోంచి నవ్వాడు. "నాకు దుమ్ము పడదు. నిచ్చెన మీరు ఎక్కండి. మూట నా బల్ల మీదే విప్పాలి. ఆకు చింపితే మీ ప్రాణం తీస్తాను."

ఆ రోజు పదకొండు మూటలు దింపాడు పిచ్చేశ్వరరావు. మూడు వేరే ఊరివి. ఫసలీ అరవై ఎనిమిది నుంచి డెబ్భై నాలుగు దాకా ఉన్న మూట విప్పితే లోపల పుస్తకాలు లేవు, పుస్తకాల అట్టలున్నాయి. మధ్యదంతా చెదలు మట్టి చేసింది. చేత్తో తాకితే రాలింది. ఇంకో మూట ఏ తుఫానుకో తడిసి, ఎండి, ఇటికలా గట్టిపడింది. ఈశ్వరప్రసాద్ దాన్ని బల్ల మీద తట్టి చూశాడు. "ఇందులో ఏ ఊరు ఉందో భగవంతుడికి తెలియాలి," అన్నాడు. సాయంత్రం తాళం వేస్తూ, "రేపు రండి. అటు చివర కింద వరస చూళ్లేదు మనం," అన్నాడు. మనం అన్నందుకు పిచ్చేశ్వరరావుకు కొంచెం ధైర్యం వచ్చింది.

శుక్రవారం దయానందం కూడా వచ్చాడు. పరీక్ష కాగితం మధ్యాహ్నం ఇస్తామన్నారు. ఆసుపత్రి వరండాలో కూర్చునే బదులు రికార్డు రూములో మూటలు అందిస్తానన్నాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని కింద వరస లాగారు. నాలుగో మూట ముడి దగ్గర అట్టముక్క మీద ఊరి పేరు ఉంది. 1379, 1380, 1381.

పుస్తకాలు కొత్తవిలా ఉన్నాయి. ఈశ్వరప్రసాద్ లేచి వచ్చి ఒక పేజీ తిప్పాడు. తువ్వాలు కిందకి లాగాడు.

"అబ్బ. ఏం రాశాడండీ! ముప్ఫై ఏళ్లుగా ఈ గదిలో ఉన్నాను. ఇంత శుభ్రమైన అడంగల్ చూళ్లేదు. ఒక్క కొట్టివేత లేదు చూడండి."

ఎర్ర సిరాతో గీతలు. నల్ల సిరాతో అక్షరాలు. తలకట్లన్నీ ఒకే ఎత్తు. నంబర్లు ఒకదాని కింద ఒకటి, దారం పట్టి నాటిన ఊడ్పు వరసలా నిలబడి ఉన్నాయి. పిచ్చేశ్వరరావు తొంభై ఆరు బై రెండు వెతకలేదు. ఆయన 'క్ష' దగ్గర ఆగిపోయాడు. దాని తోక కిందకి దిగి, ఎడమకు తిరిగి, చివర్లో చిన్న చుక్కలా ఆగుతుంది. అలా రాసేవాణ్ణి ఆయన ఒక్కణ్ణే ఎరుగును.

పిచ్చేశ్వరరావుకు ఇరవై మూడేళ్లు అప్పుడు, మళ్లీ ఎప్పుడూ తలుచుకోని పని అది. కరణంగారి కళ్లకు పొర వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా చదివాడు, దస్తూరీ బాగుంటుంది, కూర్చుని రాసి పెట్టరా అబ్బాయ్ అని కబురు పెడితే వెళ్లాడు. మూడేళ్లు, పంట కోతలయ్యాక పది పదిహేను రోజులు. వరండాలో చాప. చుట్టూ అరుగు మీద రైతులు, వాళ్లలో కాంతారావు వాళ్ల నాన్న, తన నాన్న. కరణంగారు గోడకానుకుని నంబర్లు నోటితో చెబుతుంటే రాయడం. మొదటి రోజు అడిగాడు, అనుభవదారు గడిలో ఏం రాయమంటారండీ అని.

"స్వయం అని రాసి కింద డిటోలు కొట్టుకుంటూ పో."

"అందరికీనా అండీ?"

అరుగు మీద ఎవరో నవ్వారు. "ఒరేయ్, కౌలుదారు పేరు ఒక్కటి అందులో పడిందంటే రేపు వాడు భూమి వదలడురా. కోర్టులో ఇదే చూస్తారు."

"ఒకరికి రాసి ఒకరికి మానితే తంటా," అన్నారు కరణంగారు. "అందరికీ ఒకటే. ఏమంటారు?"

అందరూ సరే అన్నారు. నాన్న కూడా తలూపాడు. మార్చుకున్న చెక్క సంగతి ఆయనకు గుర్తుకు రాలేదు. ఆ పక్కన కూర్చున్న కాంతారావు వాళ్ల నాన్నకీ రాలేదు. రాస్తున్నవాడికీ రాలేదు. డిటోలు వంకర పోతున్నాయని పిచ్చేశ్వరరావు రూళ్లకర్ర పెట్టి మరీ గీశాడు.

వేలు దించుకుంటూ వచ్చాడు. 96/2. పట్టాదారు, కాంతారావు వాళ్ల నాన్న. అనుభవదారు గడిలో రెండు చిన్న గీతలు. ఇంకో పుస్తకం. రెండు గీతలు. మూడోది. రెండు గీతలు. పైన పేజీ మొదట్లో స్వయం.

"దొరికిందాండీ?" దయానందం పక్కకు జరిగాడు. వాడికి చదువు రాదు. పేజీ నిండా గీతలే కనపడ్డాయి. "అందరికీ ఒకటే గుర్తు పెట్టారేంటండీ?"

"పైదే కిందా అని."

"పైన ఏముందండి?"

"స్వయం. భూమి గలాయనే చేస్తున్నాడని."

దయానందం కాసేపు ఆ పేజీనే చూశాడు. "మా నాలుగెకరాలు ఎక్కడండి? చెరువులో పోయినాయే, మా నాన్న కౌలుకు చేసినాయి. ఆ ఏడు ఆయనే గదా చేసింది. నేను తోలుకెళ్లేవాణ్ణి ఎడ్లని."

పిచ్చేశ్వరరావు పేజీలు తిప్పాడు. అది ఎక్కడుందో ఆయన వేలికి తెలుసు. నూట పదహారు. పక్కన గడిలో రెండు గీతలు.

"ఇదే."

"ఇక్కడా అదేనా?"

"అదే."

"మా నాన్న పేరు, ఏసురత్నం అని లేదా?"

"లేదు."

దయానందం వేలు చాపి, ముట్టుకుంటే ఏమంటారోనని ఈశ్వరప్రసాద్ వైపు చూసి, వెనక్కి తీసుకున్నాడు. "మమ్మల్ని ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వచ్చి కొలత గొలుసేసిన రోజు అడిగారండి, నీ పేరు రికార్డులో ఉందా అని. మాకేం తెలుసు? ఉండే ఉంటది అన్నాం. లేదు పో అన్నారు." మళ్లీ పేజీ వైపు తిరిగాడు. "ఎవరు రాశారండి ఇది? కరణంగారేనా?"

ఈశ్వరప్రసాద్ కూడా తలెత్తాడు, ఆ దస్తూరీ ఎవరిదో తెలుసుకోవాలని.

"నేనే," అన్నాడు పిచ్చేశ్వరరావు.

దయానందం లేచి, విప్పిన మూటలన్నీ మళ్లీ కట్టి, ఒక్కొక్కటే రాకులో తోశాడు. ముళ్లు ముందున్నంత గట్టిగా బిగించాడు.

"నకలు కావాలా?" ఈశ్వరప్రసాద్ మెల్లగా అడిగాడు. "మీకు పనికొచ్చేది కాదు పెద్దాయనా. దరఖాస్తు చింపేస్తాను, వెళ్లండి."

"ఇవ్వండి. మూడేళ్లవీ ఇవ్వండి."

తిరుగు బస్సులో దయానందం మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పామర్రులో దిగేటప్పుడు, "సోమవారం ఎన్నింటికండి?" అని అడిగాడు.

"నువ్వు రానక్కర్లేదు."

"వస్తానన్నాను గదండి."

అనసూయ అన్నం వడ్డిస్తూ నకలు కాగితాలు తిప్పి చూసింది. భర్త చేతిరాత ఆమెకూ తెలుసు.

"ఇది చూపిస్తే మనకే దెబ్బ గదండీ. పొయ్యిలో పెట్టండి."

"నకలు కాలిస్తే ఏమొచ్చింది? అసలు బందర్లో ఉంది."

"ఆ కాంతారావు తెచ్చుకున్నప్పుడు చూద్దాం. మనంతట మనం ఎందుకు ఇవ్వడం? కాగితం దొరకలేదని చెప్పండి. చెదలు తిన్నదాంట్లో ఉందని చెప్పండి. ఉండి ఉండొచ్చు గదా."

పిచ్చేశ్వరరావు ముద్ద కలిపాడు. చెదలు తిన్న పుస్తకంలో నాన్న పేరు ఉండి ఉండొచ్చు. అంతకు ముందు కరణంగారు కళ్లు బాగున్నప్పుడు రాసినవి అవి. ఉందని ఎవరూ చెప్పలేరు, లేదనీ చెప్పలేరు. ఆ మాటను ఆయన శనివారం అంతా, ఆదివారం అంతా తిరగేసి చూసుకున్నాడు. పొలం వెళ్లలేదు.

సోమవారం మండలాఫీసులో పన్నెండు దాటాక పిలిచారు. మండలాధికారి చిన్నవాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద ఇంకా ఇరవై ఫైళ్లున్నాయి. కాంతారావు ఇస్త్రీ చొక్కాతో పాసు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. దయానందం గుమ్మం అవతల.

"మీ దగ్గర ఏముందండీ?"

పిచ్చేశ్వరరావు నకళ్లు బల్ల మీద పెట్టాడు. అధికారి తిరగేసి, మళ్లీ మొదటికొచ్చాడు.

"ఇందులో స్వయం అని ఉంది. అంటే ఈ కాంతారావుగారి తండ్రే చేసుకుంటున్నట్టు. ఇది మీరెందుకు తెచ్చారు?"

"అది అబద్ధమండి."

"మీకెలా తెలుసు?"

"రాసింది నేనే గనక."

కాంతారావు తల తిప్పి చూశాడు. పక్క బల్ల దగ్గర వాంగ్మూలం రాస్తున్న గుమస్తా పెన్ను ఆగింది.

పిచ్చేశ్వరరావు అంతా చెప్పాడు. కరణంగారి వరండా, చాప, అరుగు మీద మాటలు. ఎవరెవరున్నారో పేర్లతో చెప్పాడు. వాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. చేలో నిలబడి రాయాల్సింది వరండాలో రాశామని చెప్పాడు. ఊరంతటికీ ఒకటే మాట రాశామని చెప్పాడు. ఎప్పుడూ ఇంత మాట్లాడని మనిషి.

"అయితే ఇంకేంటండీ," అన్నాడు కాంతారావు. "బావే రాశాడు, మా నాన్నే చేసుకుంటున్నాడని. నేనింకేం చెప్పాలి?"

అధికారి కణతలు నొక్కుకున్నాడు. "సాక్షి ఉన్నాడన్నారు?"

దయానందం లోపలికొచ్చి, చెప్పులు గుమ్మం బయట ఉన్నాయో లేదో ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"ఆ పొలం ఎవరు చేశారు?"

"ఈయనేనండి. అంతకు ముందు వాళ్ల నాన్న. పదిహేడేళ్లు నేనే దున్నానండి."

"నువ్వు ఆయన దగ్గర కూలివి కదా?"

"అవునండి."

"రికార్డులో మాత్రం లేదే."

"రికార్డులో నేనూ లేనండి. మా నాన్నా లేడు. అయినా దున్నాం గదండి."

అధికారి తలెత్తి దయానందాన్ని చూశాడు. గుమస్తా వైపు తిరిగి చెప్పాడు. "సాక్షి ప్రతివాది దగ్గర కూలి. రాయండి."

గుమస్తా వాంగ్మూలం రాసి పిచ్చేశ్వరరావు ముందుకు తోశాడు. "కింద సంతకం పెట్టండి." పిచ్చేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని చదివాడు. గుమస్తా విసుక్కున్నా వదలకుండా చివరిదాకా చదివాడు. 'పై అడంగళ్లు నా స్వదస్తూరీతో రాసినవనియు, అవి సరియైనవనియు ఒప్పుకొనుచున్నాను.'

"సరైనవని నేననలేదు."

"ప్రభుత్వ రికార్డు సరైనదే కదండీ. మరేం రాస్తాం?"

"చూడండి," అన్నాడు అధికారి. గొంతు పెంచలేదు. "మీరు సరి కాదంటే, తప్పుడు లెక్క రాశానని మీ అంతట మీరు ఒప్పుకున్నట్టు. అది ఇంకో కేసు. కరణం లేడు. మిగిలింది మీరొక్కరే. పొలం సంగతంటారా, మార్పిడి కాగితం లేదు, రికార్డు అంతా ఒకే మాట చెబుతోంది. నేను చేయగలిగింది లేదు. మీరు ఎలా రాసినా ఆర్డరు మారదు. నా మాట విని సంతకం పెట్టి వెళ్లండి."

"ఆర్డరు మారదంటారు."

"మారదు."

పిచ్చేశ్వరరావు గుమస్తా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. 'సరియైనవనియు' అన్న మాట మీద ఒకే గీత కొట్టాడు. పైన 'సరికావనియు' అని రాశాడు. పెన్ను పెట్టేస్తాడనుకుని గుమస్తా చెయ్యి చాపాడు. ఆయన పెట్టలేదు. కింద మిగిలిన సగం లైనులో రాయడం మొదలెట్టాడు. తొందరపడలేదు. తలకట్లన్నీ ఒకే ఎత్తున పెట్టాడు. 'నూట పదహారు నంబరు నాలుగెకరాలు ఏసురత్నం సాగు చేసినాడు. నేను రాయలేదు.'

అధికారి కాగితం తిప్పుకుని చదివాడు.

"ఈ నంబరు ఈ కేసులో లేదు. ఇది లెక్కలోకి రాదండీ."

"తెలుసండి," అని సంతకం పెట్టాడు.

కాంతారావు ఆ కాగితం అడిగి చూశాడు. ఈసారి నవ్వలేదు. బావా అని కూడా అనలేదు. చెరువు నంబరది. "ఇదెందుకండీ ఇందులో?" అని అధికారినే అడిగాడు. అధికారి ఫైలు కట్టేసి, ఇంకో ఫైలు తీశాడు.

ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద బస్సు కోసం నిలబడ్డారు. వాన తుంపర పడుతోంది. కాలవ చెక్క పోయింది. ఆ మాట ఇంటికెళ్లి అనసూయతో ఎలా మొదలెట్టాలా అని పిచ్చేశ్వరరావు ఆలోచిస్తున్నాడు. తప్పుడు లెక్క కేసు కూడా చెప్పాలి.

"లోపల చాలా సేపు రాశారేంటండీ?" అడిగాడు దయానందం.

"మీ నాన్న పేరు."

బస్సు మలుపు తిరిగి కనపడింది. దయానందం సంచీ సర్దుకున్నాడు.

"ఆయన పోయి పదకొండేళ్లయిందండి," అని, వెనక తలుపు వైపు నడిచాడు.